విన్నవాడి పలుకు: విశ్వసనీయ ప్రసార సిద్ధాంతంలో కథనరూపాలు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

అనేక కంప్యూటర్లు కలిసి ఒకే వ్యవస్థగా పనిచేసేటప్పుడు ఒకటి పంపిన మాట మిగిలిన అన్నింటికీ ఒకే విధంగా అందేలా చూడడం కంప్యూటర్ శాస్త్రంలో మౌలికమైన సమస్య. 1975 నుంచి శాస్త్రవేత్తలు ఈ సమస్యను ముఠాలు, సేనానులు, పుకార్లు, శాసనసభ వంటి కథల ద్వారా చెప్పుకొచ్చారు. ఆ కథలు దోషాన్ని ఎక్కడ నిలుపుతున్నాయి, ఎవరికి మాట ఇస్తున్నాయి, ఎవరిని లెక్కలోంచి తప్పిస్తున్నాయి అన్న ప్రశ్నలతో ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది. ప్రసారానికి విశ్వసనీయత దూత సామర్థ్యం వల్ల గాక, విన్నవాడు తిరిగి పలకడం వల్ల సిద్ధించిందనీ, దూతను నమ్ముకున్న కథలు ఈ సంగతిని మరుగుపరిచాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విశ్వసనీయ ప్రసారం, దూత, ప్రతిధ్వని, బైజాంటైన్ సేనానులు, పాక్సోస్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

టముకు వేసి చాటించిన వార్త ఊళ్లో ఎంతమందికి చేరిందో చాటింపు వేసినవాడు లెక్క చూసుకోడు. వీధి వీధికీ తిరిగి చెప్పడంతో అతని పని పూర్తవుతుంది. పొలం వెళ్లినవాడికి పొరుగువాడు చెబితే తెలుస్తుంది, చెప్పకపోతే లేదు. ఆంగ్లంలో 'బ్రాడ్‌కాస్ట్' అనే మాటకు తొలి అర్థం చేత్తో విత్తనం వెదజల్లడం. వెదజల్లే రైతు కూడా గింజ గింజనూ లెక్కపెట్టడు. కొన్ని మొలవవని తెలిసే చల్లుతాడు. ఆకాశవాణి కాలం నుంచి తెలుగులో స్థిరపడిన 'ప్రసారం' అన్న మాటలోనూ ఇదే ధోరణి ఉంది. వినడం వినేవాడి బాధ్యత.

కంప్యూటర్ శాస్త్రంలోని 'విశ్వసనీయ ప్రసారం' ఈ అలవాటుకు ఎదురు నిలిచే భావన. ఒక బ్యాంకు ఖాతాల పట్టికకు ఐదు యంత్రాల్లో ఐదు నకళ్లు ఉన్నాయనుకుంటే, ఒక ఖాతాలో 2,000 రూపాయలు తగ్గించమన్న ఆదేశం మూడింటికి చేరి రెండింటికి చేరకపోయిన క్షణం నుంచి ఆ ఖాతాకు రెండు నిజాలు ఏర్పడతాయి. ఇక్కడ ఒక్క గింజ మొలవకపోయినా పంట మొత్తం చెడుతుంది. పైగా తీగ తెగవచ్చు, పంపుతున్న యంత్రం సగంలో ఆగిపోవచ్చు, చెడిన యంత్రం ఒకరికి ఒక మాట, మరొకరికి మరొక మాట చెప్పవచ్చు.

ఈ చిక్కును పరిష్కరించే క్రమంలో వెలువడిన పరిశోధన పత్రాలు గణిత నిరూపణలతో పాటు కథలనూ చెప్పాయి. ఆ కథలను సాధారణంగా పాఠకుణ్ణి ఆకట్టుకునే అలంకారాలుగా మాత్రమే చూస్తారు. సాహిత్య విద్యార్థి అలా చూడలేడు. ఉపమానం ఎన్నుకున్నప్పుడే ఉపమేయంలో ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో సగం నిర్ణయమైపోతుంది.

2. దోషం దారిలో ఉన్నప్పుడు

అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ 1975లో ప్రచురించిన పత్రంలో ఈ కథ రెండు దొంగల ముఠాల మధ్య నడుస్తుంది. 1978లో జిమ్ గ్రే డేటాబేస్ వ్యవస్థలపై రాసిన నోట్సులో ముఠాలు పోయి సేనానులు వచ్చారు. అప్పటి నుంచి అది 'ఇద్దరు సేనానుల' సమస్యగా ప్రసిద్ధం. రెండు కొండల మీద రెండు సేనలు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తే గెలుపు, ఒక్కరే చేస్తే నాశనం. వర్తమానం లోయ దాటే వార్తాహరుడితోనే వెళ్లాలి, అతడు దారిలో పట్టుబడవచ్చు.

మొదటి సేనాని "రేపు ఉదయం దాడి" అని కబురు పంపుతాడు. అది చేరిందని తెలిసేదాకా కదలడు. రెండోవాడు అందిందని జవాబు పంపుతాడు, ఆ జవాబు చేరిందో లేదో తెలిసేదాకా అతడూ కదలడు. ఈ వరుసకు అంతం లేదని చూపే తర్కం చాలా చిన్నది. ఇద్దరినీ ఒప్పించే అతి తక్కువ వర్తమానాల వరుస ఒకటి ఉందనుకుంటే, అందులో చివరి వర్తమానం దారిలో పోయినా ఒప్పందం నిలవాలి, ఎందుకంటే దాన్ని పంపినవాడికి అది చేరిందో లేదో తెలియదు. పోయినా ఫరవాలేని వర్తమానం అవసరం లేని వర్తమానం. దాన్ని తీసేస్తే వరుస ఇంకా చిన్నదవుతుంది. అతి చిన్నదని అనుకున్న దానికంటే చిన్నది దొరికింది గనుక అటువంటి వరుసే లేదు.

సందేశకావ్యాల సంప్రదాయం ఎరిగిన పాఠకుడికి ఇక్కడ రెండు దారులు గుర్తొస్తాయి. 'మేఘసందేశం'లో యక్షుడు మేఘానికి మాట అప్పగిస్తాడు. జవాబు కోసం కావ్యం ఆగదు, పంపడంలోనే దాని రసమంతా ఉంది. సుందరకాండ తీరు వేరు. హనుమంతుణ్ణి సీత వెంటనే నమ్మదు, మారువేషంలో వచ్చిన రావణుడేమోనని శంకిస్తుంది. ఉంగరం పంపినవాడి గుర్తింపు. తిరుగు ప్రయాణంలో చూడామణి అందినట్టు రసీదు. వారిద్దరికే తెలిసిన కాకాసుర వృత్తాంతం మరింత గట్టి గుర్తు. ఇన్ని ఏర్పాట్లున్నా, చూడామణి రాముడికి చేరిందని సీతకు తెలిసే ఉపాయం ఆ కథలోనూ లేదు. ఆమె చేసింది నెల గడువు పెట్టడం. ఇంజనీర్లు చేసేదీ అదే. నిశ్చయం అసాధ్యమైన చోట గడియారం పెట్టి, గడువు దాటితే మళ్లీ పంపడమో, ఆశ వదులుకోవడమో నిర్ణయిస్తారు. ప్రాచీన కావ్యంలో ఆధునిక శాస్త్రం ఉందని చెప్పడం ఈ పోలిక ఉద్దేశం కాదు. అటువంటి వాదనలు కావ్యానికీ శాస్త్రానికీ రెంటికీ అన్యాయం చేస్తాయి. దూరాన ఉన్న ఇద్దరి మధ్య మాట నడిచే ప్రతిచోటా ఈ చిక్కు పుడుతుందన్నంతవరకే ఇక్కడ ప్రసక్తం.

ఇద్దరు సేనానుల కథలో సేనానులిద్దరూ నిజాయితీపరులు. దోషమంతా లోయది. వార్తాహరుడికి పేరు లేదు, బుద్ధి లేదు. చేరితే చేరతాడు, లేకపోతే లేదు. అతడు మనిషి రూపంలో ఉన్న దారి.

3. దోషం పలికేవాడిలో ఉన్నప్పుడు

లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ 1982లో ప్రచురించిన 'బైజాంటైన్ సేనానుల సమస్య' ఈ స్థితిని తలకిందులు చేసింది. వారి పరిశోధనకు నేపథ్యం విమానాన్ని నడిపే కంప్యూటర్లు. ఒక యంత్రం చెడినా విమానం కూలకూడదన్నది లక్ష్యం. గణితఫలితం 1980లోనే కథ లేకుండా వెలువడింది. కథ తర్వాత వచ్చింది, అదీ ఆలోచించి తెచ్చుకున్నది. భోజనబల్ల చుట్టూ కూర్చున్న తత్త్వవేత్తల కథగా డైక్‌స్ట్రా చెప్పిన సమస్యకు దక్కిన ఆదరణ చూసి, ఏ సమస్య అయినా కథగా చెబితేనే జనం దృష్టిలో పడుతుందని గ్రహించానని లాంపోర్ట్ స్వయంగా రాసుకున్నాడు. సేనానులను మొదట అల్బేనియా వాళ్లుగా చేయాలనుకున్నాడట. అప్పట్లో ఆ దేశం ప్రపంచానికి తలుపులు మూసుకొని ఉంది గనుక నొచ్చుకునే పాఠకుడు ఉండడని అతని ఊహ. అల్బేనియన్లు అల్బేనియా బయట కూడా ఉంటారని సహోద్యోగి జాక్ గోల్డ్‌బర్గ్ గుర్తు చేయడంతో బైజాంటియం వచ్చింది. నొచ్చుకోవడానికి ఎవరూ మిగలని సామ్రాజ్యం.

ఈ కథలో ఒక సేనాపతి ఆజ్ఞ ఇస్తాడు, కింది సేనానులు దాన్ని పాటించాలి. వారిలో కొందరు, సేనాపతితో సహా, ద్రోహులు కావచ్చు. నమ్మకస్థులంతా ఒకే నిర్ణయానికి రావాలి. ఆజ్ఞ ఇచ్చినవాడు నమ్మకస్థుడైతే ఆ నిర్ణయం అతని ఆజ్ఞే కావాలి. నోటిమాటతోనే పని జరగాలంటే ఒక్క ద్రోహిని తట్టుకోవడానికి కనీసం 4 మంది, ఇద్దరిని తట్టుకోవడానికి 7 మంది కావాలని పత్రం నిరూపించింది. ముగ్గురే ఉంటే ఎందుకు కుదరదో చిన్న నాటకంలా చూపవచ్చు. సేనాపతి మొదటి సేనానితో "దాడి" అన్నాడు. రెండో సేనాని వచ్చి "నాతో వెనక్కి తగ్గమన్నాడు" అన్నాడు. మొదటివాడి ఎదుట ఇద్దరిలో ఒకడు అబద్ధమాడాడు, ఎవరో తేల్చే ఆధారం లేదు. ఫోర్జరీకి లొంగని సంతకాలు ఉంటే ఈ పరిమితి పోతుందని కూడా ఆ పత్రమే చూపింది.

ప్రశంసకు అర్హమైన ఈ నిర్మాణంలో విమర్శకుడు ఆగి చూడవలసిన చోటు దాని ప్రతిజ్ఞల్లో ఉంది. పంపిన ప్రతి మాటా చెడకుండా చేరుతుంది. ఎవరు పంపారో అందుకున్నవాడికి తెలుస్తుంది. మాట రాకపోతే రాలేదని పసిగట్టవచ్చు. అంటే మొదటి కథలో దోషానికి ఏకైక నిలయమైన వార్తాహరుడు ఇక్కడ నిర్దోషి అయిపోయాడు. గణితంలో ఇది న్యాయమే. ఒక దోషాన్ని విడదీసి పరీక్షించాలంటే మిగిలినవాటిని ఆపాలి. కథగా చూస్తే మాత్రం అధికారం ఉన్నవాడే ద్రోహం చేయగలడన్న భావం ఇందులో ఉంది. మాట మోసేవాడికి ద్రోహం చేసే యోగ్యత కూడా లేదు.

తెలుగు గ్రామాల్లో చాటింపు వేసే పని ఎవరి పాలిట పడిందో ఎరిగినవారికి ఈ అమరిక కొత్త కాదు. నిర్ణయం రచ్చబండ మీద జరిగేది, దాన్ని ఊరంతా మోసిన దళితుడికి ఆ నిర్ణయంలో పాలు లేదు. 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమం 'దండోరా' అన్న పేరుతో ప్రసిద్ధమవడంలోని అర్థం ఇదే. ఇతరుల మాట మోసిన డప్పు తన మాట పలకడం మొదలుపెట్టింది.

4. విన్నవాడు తిరిగి పలకడం

విశ్వసనీయ ప్రసారానికి ఇప్పుడు వాడుకలో ఉన్న నిర్వచనం ఎక్కువగా వాసోస్ హాట్జిలాకోస్, సామ్ టూయెగ్ 1990లలో చేసిన క్రోడీకరణ నుంచి వచ్చింది. అందులో కథ లేదు, మూడు షరతులున్నాయి. సక్రమంగా ఉన్నవాడు ప్రసారం చేసిన మాట సక్రమంగా ఉన్న అందరికీ చివరకు అందాలి. సక్రమంగా ఉన్న ఒక్కడికి అందినా, సక్రమంగా ఉన్న అందరికీ అందాలి. ఒక మాట ఒక్కొక్కరికి ఒక్కసారి మించి అందకూడదు, ఎవరూ పంపని మాట అసలే అందకూడదు.

ఈ నిర్వచనానికి తాళం 'అందడం' అన్న మాటలో ఉంది. మూలంలో రెండు వేర్వేరు క్రియలున్నాయి. తీగ మీదుగా మాట యంత్రం గుమ్మం దాకా రావడం ఒకటి, యంత్రం లోపలి కార్యక్రమానికి దాన్ని అప్పగించడం మరొకటి. గుమ్మానికి వచ్చిన మాటను లోపలికి పంపకుండా ఆపి ఉంచే ఆ మధ్య వ్యవధిలోనే ఈ శాస్త్రమంతా జరుగుతుంది. రెంటినీ 'స్వీకరణ' అని రాస్తే విద్యార్థికి మిగిలేది అయోమయం. తెలుగులో 'చేరడం', 'అందజేయడం' అన్న తేడా సహజంగానే ఉంది. ఉత్తరం ఊరికి చేరడం వేరు, మనిషి చేతికి అందజేయడం వేరు. సంస్కృత సమాసాల వైపు పోకుండా ఈ రెండు క్రియలనే పారిభాషికాలుగా స్థిరపరచడం మేలు.

యంత్రాలు ఆగిపోవడమే తప్ప అబద్ధమాడని చోట పరిష్కారం సులువు. ఒక మాట మొదటిసారి చేరినప్పుడు విన్నవాడు దాన్ని ముందుగా మిగిలిన అందరికీ పంపి, ఆ తర్వాతే లోపలికి అందజేయాలి. పంపినవాడు సగంలో ఆగిపోయినా, నిలిచి ఉన్న ఒక్కడు విన్నా చాలు, మాట ఊరంతా తిరుగుతుంది. దారి బాగుపడలేదు, పంపినవాడు బాగుపడలేదు. మారింది విన్నవాడి పాత్ర. ఖర్చు కూడా ఇక్కడే పెరుగుతుంది. 10 యంత్రాలుంటే, ఒక్కడు 9 మందికి చెప్పే చోట పదిమందీ తలా 9 మందికి చెప్పాలి.

అబద్ధమాడే యంత్రాలున్న చోట గేబ్రియెల్ బ్రాకా 1987లో ప్రచురించిన పద్ధతి ఈ ఆలోచనకు పరిణత రూపం. అందులోని మెట్లకు అతను పెట్టిన పేర్లు మూడే: తొలిమాట, ప్రతిధ్వని, సంసిద్ధత. నలుగురిలో ఒక్కడు ద్రోహి కాగల సందర్భంలో ఇది ఇలా నడుస్తుంది. పంపినవాడి తొలిమాట విన్న ప్రతివాడూ దాన్ని అందరికీ ప్రతిధ్వనిస్తాడు. ఒకే మాటకు ముగ్గురి ప్రతిధ్వనులు వచ్చినవాడు "సిద్ధం" అని ప్రకటిస్తాడు. తనకు అన్ని ప్రతిధ్వనులు రాకపోయినా, ఇద్దరు సిద్ధమన్నారని వింటే తానూ సిద్ధమంటాడు. ముగ్గురు సిద్ధమన్నాకే మాటను లోపలికి అందజేస్తాడు. ఈ లెక్కలన్నింటిలో ఎవరి మాట వారికీ లెక్కే.

పంపేవాడే ద్రోహి అయి ఇద్దరితో "దాడి" అనీ, మూడోవాడితో "విరమణ" అనీ చెప్పాడనుకుంటే ఏమవుతుంది? "విరమణ"కు మూడోవాడి ప్రతిధ్వని, మహా అయితే ద్రోహిది కలిపి రెండే. అది అక్కడే ఆగిపోతుంది. "దాడి"కి ఇద్దరివి ఉన్నాయి. ద్రోహి మొదటివాడికి మాత్రమే మూడో ప్రతిధ్వని పంపితే అతనొక్కడే సిద్ధమంటాడు. ద్రోహి అంతటితో ఊరుకుంటే ఎవరికీ ఏమీ అందదు. అల్లరి పెంచుదామని రెండోవాడికి "నేనూ సిద్ధం" అని చెప్పాడా, రెండోవాడికి ఇద్దరి సంసిద్ధత కనిపించి తానూ సిద్ధమంటాడు. అప్పుడు మూడోవాడికి మొదటి ఇద్దరి మాట వినిపిస్తుంది. తాను విన్నది "విరమణ" అయినా "దాడి"కి సిద్ధమంటాడు. నమ్మకస్థులు ముగ్గురూ సిద్ధమన్నాక ముగ్గురికీ "దాడి" అందుతుంది. ద్రోహికి మిగిలిన దారులు రెండే. ఎవరికీ ఏమీ అందకుండా చేయడం, లేదా అందరికీ ఒకటే అందేలా చేయడం. ముగ్గురిని మూడు దారులు పట్టించే అవకాశం అతని చేతిలోంచి పోయింది.

సేనానుల కథ నుంచి బ్రాకా పద్ధతికి వచ్చేసరికి వార్తాహరుడనే పాత్ర పూర్తిగా అదృశ్యమైంది. వినే ప్రతివాడూ మోసేవాడే, మోసే ప్రతివాడూ సాక్షే. నిజానికి సేనానుల పత్రంలోని పరిష్కారంలో కూడా కింది సేనానులు తాము విన్నది ఒకరికొకరు చెప్పుకుంటారు. గణితం అక్కడే దూతను దాటిపోయింది, కథ మాత్రం అతన్ని గుర్రం మీద తిప్పుతూనే ఉంది. ఈ పరిశోధన సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన కథ దాని అత్యంత ముఖ్యమైన ఆవిష్కరణను చెప్పలేకపోయింది. 'ప్రతిధ్వని' అన్న ఒక్క మాట, కథ ఊసే లేకుండా, దాన్ని చెప్పగలిగింది.

5. పుకారు, మరణ ధ్రువపత్రం

1987లోనే జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రం నుంచి అలన్ డెమర్స్, అతని సహచరులు మరో ఉపమానంతో వచ్చారు. ఆ సంస్థ అంతర్గత వ్యవస్థలో పేర్లు, చిరునామాల పట్టికకు వందలాది నకళ్లున్నాయి. వాటన్నింటినీ సరిపోల్చి ఉంచడానికి వారు అంటువ్యాధుల గణితాన్ని ఆశ్రయించారు. కొత్త వార్త తెలిసిన యంత్రం యాదృచ్ఛికంగా మరొకదాన్ని ఎన్నుకొని చెబుతుంది, అది ఇంకొకదానికి చెబుతుంది. ఎవరికి చెప్పబోయినా "నాకు తెలుసు" అనే జవాబు వస్తుంటే చెప్పేవాడికి ఆసక్తి సన్నగిల్లుతుంది. ఊళ్లో పుకారు ఎలా పుట్టి, పాకి, చల్లారుతుందో సరిగ్గా అలాగే.

ఇంతవరకూ చూసిన ఉపమానాల్లో ఇదే ఎక్కువ నిజాయితీ గలది. ఇందులో సేనాపతి లేడు, వార్తాహరుడూ లేడు. అందరికీ తప్పక చేరుతుందన్న హామీ కూడా లేదు. పుకారు చల్లారాక వినని ఇల్లు ఒకటి మిగలవచ్చు. అందుకే అప్పుడప్పుడు ఇద్దరిద్దరు తమ పట్టికలు మొత్తం సరిచూసుకునే మరో పద్ధతిని రచయితలు దీనికి జోడించారు.

పట్టికలోంచి ఒక పేరు తొలగించినప్పుడు వచ్చే చిక్కు ఈ పత్రంలో కథకుడికి పనికొచ్చే ఘట్టం. తొలగించిన సంగతి తెలియని యంత్రం ఏదో మూల ఉంటుంది. అది తన దగ్గర ఉన్న పాత పేరును కొత్త వార్తగా మళ్లీ ప్రచారం చేస్తుంది. చచ్చిన పేరు లేచి తిరుగుతుంది. దీనికి విరుగుడుగా తొలగింపును కూడా ఒక వార్తగా పంపాలి. దానికి వారు పెట్టిన పేరు 'మరణ ధ్రువపత్రం'. లేకపోవడం దానంతటది ప్రసారం కాదు, లేదన్న కాగితం తిరగాలి. ఆ కాగితాన్ని ఎన్నాళ్లు దాచాలన్నది మరో తలనొప్పి. తొందరగా చింపేస్తే పేరు మళ్లీ లేస్తుంది, ఎప్పటికీ దాస్తే పట్టిక నిండా మృతులే ఉంటారు.

6. నవ్వని సమీక్షకులు

కథ శాస్త్రానికి అడ్డుపడిన ఉదాహరణకు లాంపోర్ట్ 'పార్ట్‌టైమ్ పార్లమెంటు'ను మించినది లేదు. మాటలు అందరికీ చేరడమే గాక ఒకే వరుసలో చేరాలంటే యంత్రాలు ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క నిర్ణయంపై ఏకీభవించాలి. ఆ పద్ధతిని అతను గ్రీసు దేశపు పాక్సోస్ ద్వీపంలో పురాతత్త్వవేత్తలు వెలికితీసిన ప్రాచీన శాసనసభ చరిత్రగా రాశాడు. సభ్యులు వర్తకం పనిమీద సభలోకి వస్తూ పోతూ ఉంటారు. వార్తాహరులు మరిచిపోతారు, ఆలస్యం చేస్తారు. ఒక్కొక్క సభ్యుడి దగ్గర చెరగని సిరాతో రాసే పుస్తకం ఉంటుంది. సభ్యుల పేర్లు కంప్యూటర్ శాస్త్రజ్ఞుల పేర్లకు గ్రీకు వేషాలు.

1990లో పంపిన ఈ పత్రం 1998లో గాని అచ్చుకాలేదు. సమీక్షకులు దీన్ని ఒక మోస్తరు విషయంగా భావించి పాక్సోస్ కథంతా తీసేయమన్నారనీ, ఈ రంగంలో హాస్యప్రియత్వం లేకపోవడం తనకు చిరాకు కలిగించిందనీ లాంపోర్ట్ చెప్పుకున్నాడు. పురాతత్త్వవేత్త వేషంలో అతనిచ్చిన ఉపన్యాసాలు విన్నవారికి వేషం గుర్తుండి పద్ధతి గుర్తులేదని కూడా అతనే ఒప్పుకున్నాడు. చివరకు 2001లో గ్రీకు తీసేసి 'పాక్సోస్ మేడ్ సింపుల్' రాయవలసి వచ్చింది.

తప్పు సమీక్షకులదేనా? హాస్యం వారికి అందలేదన్నది పాక్షిక సత్యం. సేనానుల కథలో పాఠకుడు మోయవలసిన బరువు తక్కువ: సేనాని, ఆజ్ఞ, ద్రోహి. పాక్సోస్‌లో ద్వీపం, మతం, వర్తకం, చట్టాలు, నకిలీ గ్రీకు పేర్లు, దొరికిన వ్రాతప్రతికి సంపాదకుడైన కీత్ మార్జుల్లో అదే ధోరణిలో రాసిన వ్యాఖ్య, ఇన్ని పొరలు దాటితే గాని అసలు విషయం కనిపించదు. అతిశయోక్తి కావ్యంలోనూ ఇలాగే బెడిసికొడుతుంది. అయినా ఆ కథలో ఒక ప్రతిమ నిలిచే ఉంది. సభలోంచి వెళ్లిపోయి తిరిగొచ్చిన సభ్యుడికి తాను ఏమి ఒప్పుకున్నాడో పుస్తకం చెబుతుంది. ఆగి మళ్లీ లేచిన యంత్రం తన డిస్కులో రాసుకున్నదాన్ని చదువుకొని పనిలో చేరడాన్ని ఇంతకంటే చక్కగా చెప్పిన బొమ్మ ఈ సాహిత్యంలో కనిపించదు. 2014లో డియెగో ఆంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 'రాఫ్ట్' పద్ధతిని ప్రకటించినప్పుడు సులభంగా అర్థం కావడమే తమ లక్ష్యమని చెప్పి, 43 మంది విద్యార్థులకు రెండు పద్ధతులూ బోధించి పరీక్ష పెట్టారు. 33 మంది రాఫ్ట్‌లో మెరుగ్గా రాశారు. రాఫ్ట్‌లోనూ నాయకుడు, అభ్యర్థి, ఎన్నిక, పదవీకాలం ఉన్నాయి. అవి అందరికీ తెలిసిన మాటలు గనుక కథగా కనిపించవు.

7. 'అందరూ' అంటే ఎవరు

హాట్జిలాకోస్, టూయెగ్ షరతుల్లో 'సక్రమంగా ఉన్న' అన్న విశేషణం మళ్లీ మళ్లీ వస్తుంది. హామీ అందరికీ కాదు, సక్రమంగా ఉన్న అందరికీ. ఎవరు సక్రమమో తేల్చడం ఎంత కష్టమో ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో చూపిన ఫలితాన్ని బట్టి తెలుస్తుంది. కాలపరిమితి లేని వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా, ఏకాభిప్రాయం తప్పక కుదురుతుందని ఏ నిర్దిష్ట పద్ధతీ హామీ ఇవ్వలేదు. ఆగిపోయినవాడికీ ఆలస్యమైనవాడికీ బయటి నుంచి తేడా తెలియకపోవడమే అందుకు మూలం. వరుస పట్టింపు లేని విశ్వసనీయ ప్రసారానికి ఈ అడ్డంకి లేదు, వరుస కావాలంటే ఉంది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో కెన్ బర్మన్ బృందం రూపొందించిన ఐసిస్ వ్యవస్థ ఈ చిక్కును ఆచరణలో దాటిన తీరు గమనార్హం. అందులో సభ్యుల జాబితాను వ్యవస్థే నిర్వహిస్తుంది. జవాబివ్వని యంత్రాన్ని చనిపోయినట్టు ప్రకటించి జాబితా నుంచి తొలగిస్తుంది. నిజానికి అది బతికే ఉండి, నిదానంగా నడుస్తూ ఉండవచ్చు. అయినా తిరిగి రావాలంటే కొత్త సభ్యుడిగా చేరాలి. ఈ తొలగింపు వల్లనే మిగిలినవారికి ఇచ్చిన హామీ చెల్లుతుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి వంటి చోట్ల ఏళ్ల తరబడి పనిచేసిన వ్యవస్థ ఇది. ఇంజనీరింగ్ దృష్టితో దీన్ని తప్పుపట్టడం కష్టం. 'అందరికీ అందింది' అన్న వాక్యాన్ని నిజం చేయడానికి 'అందరూ' అన్న మాటను కుదించారన్నది మాత్రం దాచరాని సంగతి.

జాషువ 'గబ్బిలం'లో కథానాయకుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడి తలుపు అతనికి మూసి ఉంది, గబ్బిలానికి లేదు. పూజారి లేని సమయం చూసి చెప్పమని కూడా అంటాడు. అక్కడ దారికి దోషం లేదు, దూతకు లేదు, పలికేవాడికి లేదు. అతని పేరు జాబితాలో లేదు. సేనానులతోనూ శాసనసభ్యులతోనూ నిండిన కథల్లో ఈ నాలుగో రకం వైఫల్యానికి చోటు దొరకలేదు, ఎందుకంటే ఆ కథలన్నీ జాబితా తయారైన తర్వాతే మొదలవుతాయి.

ఇది కవిత్వపు అభ్యంతరం మాత్రమే కాదని చూపే పారిభాషికం ఈ శాస్త్రంలోనే ఉంది. ఒక యంత్రం ఆదేశాన్ని లోపలికి అందజేసి, ఏటీఎం గుండా డబ్బు ఇచ్చేసి, ఆ వెంటనే శాశ్వతంగా ఆగిపోయిందనుకుంటే, సాధారణ నిర్వచనం ప్రకారం దానికి అందిన మాట మిగిలినవారికి అందకపోయినా తప్పులేదు. ఆగిపోయినది 'సక్రమంగా ఉన్న' యంత్రం కాదు గదా. డబ్బు మాత్రం వెళ్లిపోయింది. అందుకే ఆగిపోయినవారి అందుకోలును కూడా లెక్కలోకి తీసుకొనే కఠినమైన నిర్వచనం మరొకటి ఏర్పడింది. దాన్ని పాటించాలంటే సగం కంటే ఎక్కువమందికి మాట చేరిందని తెలిసేదాకా ఎవరూ లోపలికి అందజేయకూడదు. ఆంగ్లంలో 'కరెక్ట్' అన్నదాన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'సరైన' అనో 'సక్రమ' అనో రాస్తే ఆ మాటలోని మంచితనపు ఛాయ ఈ తేడాను కప్పేస్తుంది. యంత్రాలు ఆగిపోవడమే దోషమైన చోట ఆ పదానికి నిర్వచనంలో ఉన్న అర్థం 'చివరిదాకా నిలిచిన' అని మాత్రమే. అలాగే రాస్తే, డబ్బు ఇచ్చి ఆగిపోయిన యంత్రం సంగతేమిటని విద్యార్థి మొదటి తరగతిలోనే అడుగుతాడు.